కారితే కారనీ

ఆ చుట్టుపక్కల దుకాణాలవాళ్ళందరూ ఆమెను ఎర్రచీటీ అనేవారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికీ లేదు. వీధి గొట్టంలోంచి హోటలుకో, లాండ్రీకో, కార్లు కడిగే షెడ్డుకో నీళ్ళు మళ్ళేచోట ఒక ఇత్తడి వాల్వు ఉంటుంది. లోపలికి పోయిన నీళ్ళు అక్కడి సబ్బునో మందునో కలుపుకుని తిరిగి వీధిలోకి రాకుండా కాపలా కాయడం దాని పని. ఏడాదికోసారి ఆ కాపలాదారుణ్ణి పరీక్షించడం ఆమె పని. బాగుంటే సంతకం పెట్టి వెళ్ళిపోయేది. బాగాలేకపోతే నీళ్ళు కట్టేసి గొట్టానికి ఎర్రచీటీ వేలాడదీసేది. ఇక బతిమాలుకున్నా, టీ తెప్పించినా, పెద్దవాళ్ళచేత ఫోన్లు చేయించినా ఆ చీటీ ఊడేది కాదు.

సొంత అక్కాబావల లాండ్రీకి వెళ్ళినా ఇదే వరస. హోటళ్ళ దుప్పట్లు, టేబుల్ గుడ్డలు ఉతికే లాండ్రీ అది. కింద మిషన్లు, పైన కాపురం. ఆమె వ్యాను ఆగడం చూస్తే చాలు, బావ లోపలికి తిరిగి కేకేసేవాడు. “ఎర్రచీటీ వస్తోందిరోయ్! ఉన్న నీళ్ళు బిందెల్లో దాచుకోండి!” ఆయన ఒక్కడే ఆ పేరు ఆమె మొహంమీద అనగలిగేవాడు. మరదల్ని ఆటపట్టించే హక్కు తనకు పెళ్ళినాడే వచ్చిందని ఆయన వాదన.

ఈసారి ఆమె వెళ్ళేసరికి వీధి మొగలో తవ్వకాలు జరుగుతున్నాయి. పాత గొట్టం మారుస్తున్నారు. మట్టిగుట్టల పక్కనుంచి నడిచి వస్తుంటే, లాండ్రీ పక్కింటి రొట్టెల కొట్టు యజమాని మెట్టు మీద చతికిలబడి కనిపించాడు. పిండి పొంగడం లేదట. ఈస్టు మార్చాడు, పిండి మార్చాడు, చివరికి పిండి కలిపేవాణ్ణి కూడా మార్చాడు. రొట్టె మాత్రం ఇటుకలాగే వస్తోంది.

“ఇల్లు కట్టుకోవడానికి అమ్మెయ్యండి” అంది ఆమె నవ్వుతూ. ఆయన నవ్వలేదు. ఆమె ఆగలేదు. నీళ్ళ గురించి అన్నీ తెలిసిన మనిషి ఆ మాట విని అలా నవ్వుకుంటూ దాటిపోయిందంటే, ఇప్పుడు చెప్పడానికే నాకు ఒళ్ళు మండుతోంది.

లోపల ఆవిరి కమ్మేసి ఉంది. అక్క బల్ల దగ్గర నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. ఎడం చేతి మణికట్టుకు కట్టు ఉంది. అడుగు తీసి అడుగు వేయడంలో ఏదో తేడా ఉంది.

“ఏమైందే అక్కా?”

“ఏం లేదు, కాలు జారింది. పోయి నీ పని చూసుకో.”

అక్క అంత పొడిగా మాట్లాడితే ఏదో ఉన్నట్టే. కానీ మూలకు వెళ్ళి చూసేదాకా అదేమిటో ఆమెకు తట్టలేదు. వాల్వు కింద నేల పొడిగా ఉంది. ఎప్పుడూ అరచేయంత పచ్చటి నాచు ఉండేచోట శుభ్రంగా తోమిన గచ్చు, దానిమీద పాత చాప, చాపమీద మడతపెట్టిన టేబుల్ గుడ్డల గంపలు.

ఆమె గుండె ఝల్లుమంది.

ఎందుకో చెప్పాలంటే ఆ వాల్వు కడుపులో ఏముందో చెప్పాలి. లోపల రెండు తలుపులుంటాయి, ఒకదాని వెనక ఒకటి. రెండూ ముందుకే తెరుచుకుంటాయి. వాటి మధ్య అడుగున ఒక మూతి ఉంటుంది. తలుపులు సరిగ్గా కూర్చున్నంతసేపూ ఆ మూతి మూసుకునే ఉంటుంది. ఏ తలుపైనా చెడితే మూతి తెరుచుకుని నీళ్ళు నేలమీద పోసేస్తుంది. ఇల్లు తడిసినా ఫరవాలేదు, వీధిలోకి చెడు నీళ్ళు పోకూడదని దాని ఏర్పాటు. తలుపులన్నీ బాగున్నా, వీధిలో నీళ్ళ ఒత్తిడి పెరిగి తగ్గినప్పుడు అది ఒకటి రెండు చుక్కలు ఉమ్ముతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ జనానికి చుక్క కనపడితే చాలు, కొంప మునిగినట్టు ఆమెకు ఫోన్లు చేస్తారు. విని విని విసుగెత్తిపోయి ఆమె ఒక జవాబు తయారు చేసి పెట్టుకుంది. “కారితే కారనీండి. అది కారిందంటే బతికుందన్నమాట.” ఆ మాట ఆమెకే నచ్చి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది.

తవ్వకాలు మొదలైన కొత్తలో అక్క కూడా ఫోన్ చేసింది. అప్పుడామె ఒక పళ్ళ డాక్టరు గదిలో, సింకు కింద వెల్లకిలా పడుకుని, ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఉంది. “ఏమే, మన వాల్వు కారుతోంది” అంది అక్క. “కారితే కారనీ అక్కా. బతికుందన్నమాట” అని పెట్టేసింది. అప్పుడప్పుడా, ఆగకుండానా అని ఒక్క ప్రశ్న అడగాల్సింది. ఆ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ముందు అడిగేది అదే. ఆగకుండా కారుతోందంటే తవ్వకాల మట్టి వచ్చి తలుపు కింద ఇరుక్కుందని అర్థం. అక్క రెండోసారి అడిగే మనిషి కాదు. చెల్లెలు చెప్పింది కాబట్టి కారనిచ్చింది.

ఆమె గంపలు పక్కకు జరిపి మోకాళ్ళ మీద కూర్చుని వాల్వు అడుగున వేలు పెట్టి చూసింది. మూతికి రబ్బరు బిరడా బిగించి ఉంది. చుట్టూ టేపు, టేపు మీద చక్కగా వాల్వు రంగే పూసి ఉంది. పనిమాత్రం ముచ్చటగా చేశారు.

“బావా!” ఆమె అరిచిన అరుపుకి మిషన్ల హోరు కూడా తగ్గినట్టనిపించింది. “ఎవరు మూశారిది? నువ్వేనా?”

“ఒట్టు తల్లీ, నేను దాని జోలికే పోలేదు” అన్నాడు బావ చేతులు రెండూ పైకెత్తి. “నీకు నచ్చినట్టు తిట్టుకో కానీ ఈ పాపం నాది కాదు.”

“నేనే మూశాను” అంది అక్క వెనకనుంచి. “తడిలో జారి పడ్డాను. ఒళ్ళు మండి మూసేశాను.”

అంతే అంది. ఫోన్ చేశానని అనలేదు, నువ్వే కారనిమ్మన్నావని అనలేదు. అక్క కళ్ళు మాత్రం చెల్లెలి మొహం మీదే నిలిచాయి. చెప్పనులే అంటున్నాయి ఆ కళ్ళు. చిన్నప్పుడు పగిలిన గాజుగిన్నె సంగతి అమ్మ దగ్గర దాచినప్పుడు చూసిన చూపే అది. ఆమె చూపు తిప్పేసుకుంది.

ఒత్తిడి కొలిచే గేజీ తగిలించి చూస్తే ముల్లు నిలబడలేదు. మొదటి తలుపు పోయింది. రెండోదీ పోయింది. ఉన్న ఒక్క మూతినీ అక్క మూసేసింది. ఇంకేముంది, ద్వారం బార్లా తెరిచినట్టే. పొద్దున్నపూట తవ్వకాలవల్ల వీధిలో నీళ్ళ జోరు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే లాండ్రీ పంపు మొదలవుతుంది. దుప్పట్ల మరకలు వదలడానికి వాడే కాస్టిక్ సోడా, బ్లీచింగు, అవన్నీ ఆ పంపు ఊపుకి వెనక్కి తోసుకుని వచ్చేస్తాయి. వాల్వుకి వీధివైపున, అదే గొట్టంనుంచి పక్కింటి రొట్టెల కొట్టుకి ఒక పాయ పోతుంది. ఇంకో పాయ మేడమీదికి పోతుంది.

ఇటుకలాంటి రొట్టె ఆమెకు గుర్తొచ్చింది. ముందు గబగబా వాల్వు కట్టేసింది. మిషన్లు ఒక్కొక్కటే మూలిగి ఆగాయి. తర్వాత మెట్ల కింద, ఇంటి పాయకున్న కొళాయి తిప్పి నీళ్ళు రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసింది. జారుతున్నాయి. సంచిలోంచి సోడాని పట్టిచ్చే రంగు కాగితం తీసి తడిపితే ముదురు నీలం తిరిగింది.

“టీ రుచి మారిందని నేననుకుంటూనే ఉన్నా” అన్నాడు బావ నెమ్మదిగా. “తవ్వకాల మట్టి అనుకున్నాం.”

“పైన ఎవరున్నారు?”

అక్క చేతిలో దుప్పటి జారిపోయింది. “కోడలు. బాబుకి పాలు కలుపుతోంది.”

మూడు నెలలైనా నిండని పసివాడు. తల్లి పాలు చాలక డబ్బాపాలు పట్టమన్నారు డాక్టర్లు. కొన్నాళ్ళుగా తాగినవన్నీ కక్కుతున్నాడు. పాలపొడి పడలేదని ఒకసారి, పళ్ళు వస్తున్నాయి లెమ్మని ఇంకోసారి సర్దుకున్నారు. ఇంత చిన్నవాడికి పళ్ళేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆమె మెట్లెక్కలేదు, ఎగబాకింది. వంటగదిలో కోడలు సీసా మూత బిగించి ఊపుతోంది. పిల్లవాడు తల్లి భుజం మీద సన్నగా, అరిగిపోయినట్టు ఏడుస్తున్నాడు.

“పట్టకు! ఇలా ఇచ్చెయ్!”

“మరిగించిన నీళ్ళే చిన్నత్తయ్యా” అంది కోడలు బిత్తరపోయి. “రోజూ మరిగించే కలుపుతున్నాను.”

“మరిగిస్తే పురుగు చస్తుందమ్మా. సోడా చావదు. సోడా నీళ్ళు మరిగితే ఇంకా చిక్కబడుతుంది.” ఈ మాట ఎందుకన్నానా అని తర్వాత ఆమె ఎన్నిసార్లు తలబాదుకుందో. అది నిజమే, కానీ రోజూ శ్రద్ధగా మరిగించిన తల్లితో ఆ క్షణాన అనవలసిన నిజం కాదు.

కోడలు సీసా వంక చూసింది. తర్వాత పిల్లవాడి నోరు తెరిచి చూసింది. చిగుళ్ళు, నాలుక ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

పిల్లవాణ్ణి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళేముందు ఆమె చేయాల్సినవన్నీ చేసింది. రొట్టెల కొట్టాయనకి చెప్పి కొళాయిలు మూయించింది. నీళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి వీధంతా కట్టేయమంది. అక్క లాండ్రీ గొట్టానికి ఎర్రచీటీ కట్టింది. బావ పక్కనే నిలబడి చూశాడు. హాస్యం లేదు, ఏమీ లేదు.

ఆసుపత్రిలో పిల్లవాణ్ణి లోపలికి తీసుకెళ్ళి చేతికి సూది గుచ్చి సెలైను పెట్టారు. డాక్టరమ్మ బయటికొచ్చి కళ్ళజోడు తుడుచుకుంది.

“నోరు, గొంతు కాలాయి. ప్రాణానికి భయం లేదనే అనుకుంటున్నాం. గొంతు ఎంతవరకు కాలిందో రేపు లోపలికి గొట్టం పంపి చూస్తాం. మానుతుందా, మచ్చ పడి ఇరుకవుతుందా అన్నది ఇప్పుడే చెప్పలేను.”

వరండాలో బెంచీ మీద నలుగురూ కూర్చున్నారు. నలుగురంటే అలా ఒకచోట కూర్చున్నారని కాదు. కోడలు ఆ చివర, అక్క ఈ చివర. అక్క ఒకసారి లేచి కోడలి భుజం మీద చెయ్యి వేయబోయింది. కోడలు పక్కకి జరిగింది.

“వద్దత్తయ్యా. ముట్టుకోకండి నన్ను.”

అక్క వెనక్కి వచ్చి కూర్చుంది. అప్పుడు నోరు విప్పాడు బావ. ఎన్నడూ పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనని మనిషి.

“నీ చేతులు ఊరుకోవు కదా! తెలిసినదానివి కాదు, అడుగుదామన్న జ్ఞానం ఉండక్కర్లేదూ? ఇంట్లోనే మనిషి ఉందే, దాని పనే అది! ఒక్క ఫోన్ కొడితే నీ సొమ్మేం పోయింది?”

అక్క కట్టు కట్టిన మణికట్టుని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. నోటిదాకా వచ్చిన మాట మింగేయడం పక్కనున్న చెల్లెలికి మాత్రమే కనిపించింది. బావ ఇంకా ఏదో గొణుగుతూ, వ్యానులో దుప్పట్లు చేరవేయడానికి పొరుగూరు వెళ్ళిన కొడుక్కి కబురు చెప్పడానికి ఫోన్ పట్టుకుని వరండా చివరికి వెళ్ళిపోయాడు.

ఆమె అక్క పక్కకి జరిగింది. “ఫోన్ చేశానని ఎందుకు చెప్పలేదే?”

“గట్టిగా మాట్లాడకు.”

“నువ్వు అడిగావు. నేనే సరిగ్గా వినలేదు. అది చెప్పుకోకుండా నీ ఒక్కదాన్నే తిట్లు పడమంటావా?”

“పడతాను, నాకేం కొత్తా?” అంది అక్క. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు అంది. “బిరడా పెట్టింది నేను కాదూ? అది నీమీదకి నెట్టను. ఇంకో సంగతి విను. రేపు ఆ పిల్ల బిడ్డనెత్తుకుని ఆ ఇంటికే రావాలి. ఆ కొళాయే తిప్పాలి. నేను మంచి నీళ్ళే అంటే నమ్ముతుందా? చచ్చినా నమ్మదు. మీ బావ మాట ఎప్పుడూ ఎవరూ నమ్మలేదు. నువ్వు చెబితే నమ్ముతుంది. ఇంట్లో ఒక్కదాని మాటైనా నమ్మకుండా ఎలా బతుకుతుందే అది? ఆ ఒక్కటీ ఉండనీ.”

అక్క అన్నది స్వార్థమూ కాదు, అబద్ధమూ కాదు. చెప్పకపోతే అక్క దోషి అయిపోతుంది, చెబితే కోడలికి నమ్మే మనిషి లేకుండా పోతుంది. ఊరందరి వాల్వులకీ బాగుందని, బాగాలేదని తడుముకోకుండా తీర్పు చెప్పే ఎర్రచీటీ, ఆ బెంచీ మీద తలవంచుకుని కూర్చుని తన చెప్పులకంటిన మట్టి చూసుకుంటూ ఉండిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

కాసేపటికి ఎవరో ఎదురుగా వచ్చి నిలబడ్డారు. కోడలు. పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టుకున్నట్టు లేదు, పెదాలు పగిలాయి. చేతిలో గ్లాసుంది. వరండా కొళాయి దగ్గర పట్టుకుని, నోటిదాకా తెచ్చుకుని, తాగలేక ఆగిపోయినట్టుంది.

“చిన్నత్తయ్యా, ఇవి తాగొచ్చా?”

అక్క తల ఎత్తింది. ఆమెకు మాట నాలుక చివరికి వచ్చేసింది. తాగమ్మా, ఆసుపత్రి నీళ్ళు, బంగారంలా ఉంటాయి. ఈ ఆసుపత్రి వాల్వులు ఏటా పరీక్షించేది తనే. అనేస్తే అయిపోయేది. ఆ పిల్ల తాగేది కూడా. కారితే కారనీ అన్నంత తేలిగ్గా వచ్చిందా మాట. అందుకే ఆమెకు భయం వేసింది.

“కూర్చో అమ్మా” అంది. కోడలు కూర్చోలేదు. “మీ అత్తయ్య నాకు ఫోన్ చేసింది, వాల్వు కారుతోందని. వెళ్ళి చూడాల్సింది. చూడలేదు సరికదా, ఎలా కారుతోందని కూడా అడగలేదు. కారనిమ్మన్నాను. అది ఆగకుండా కారింది, అక్క అందులోనే పడింది. ఆ తర్వాతే మూసింది. నేను ఆరోజే వచ్చి ఉంటే మట్టి తీసేసి వెళ్ళేదాన్ని. అంత చిన్న పని.”

కోడలి మొహంలో ఏ మార్పూ లేదు. విన్నదో లేదో కూడా తెలియలేదు. అక్క మాత్రం కళ్ళు మూసుకుని గోడకి తల ఆనించేసింది. “నిన్నెవరు చెప్పమన్నారే” అంది. అందులో కోపంకన్నా ఓటమి ఎక్కువుంది.

“మరి ఇవి?” అంది కోడలు గ్లాసు ముందుకు చాపి.

“నాకు తెలీదమ్మా. చూడలేదు. చూసొచ్చి చెప్తాను.”

ఆమె వ్యాను దగ్గరికి వెళ్ళి సంచీ తెచ్చుకుంది. రంగు కాగితం ఒక్కటే చాలదు. దానికి సోడా సంగతి తెలుస్తుంది, అంతే. ఆసుపత్రి అన్నాక ఇంకా నానా మందులూ ఉంటాయి. కాపలావాడు ఆమెను చూసి “ఏడాది అప్పుడే అయిపోయిందా మేడం?” అని నేలమాళిగ తాళం తీశాడు. ఆమె ఒక్కొక్క వాల్వు ముందూ మోకరిల్లింది. మూతుల కింద చెయ్యి పెట్టి చూసింది. గేజీ తగిలించి, ఆసుపత్రి నీళ్ళు కట్టకుండా చూడగలిగినంతా చూసింది. ముల్లు నిలబడింది. మళ్ళీ చూసింది, మళ్ళీ నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె ఏ వాల్వు దగ్గరా అంతసేపు కూర్చోలేదు. లేచేసరికి మోకాళ్ళు పట్టేశాయి.

పైకి వచ్చేసరికి బావ తిరిగొచ్చి అక్క పక్కన కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పినట్టున్నారు. మరదలి వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. కోడలు అక్కడే నిలబడి ఉంది. గ్లాసు నిండుగా అలాగే ఉంది.

“చూశాను” అంది ఆమె. “బాగున్నాయి. తాగొచ్చు.”

కోడలు ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, ఏడుపు లేదు. తర్వాత గ్లాసు ఆమె చేతికిచ్చింది.

“ముందు మీరు తాగండి.”

అక్క ఏదో అనబోయింది. ఆమె వద్దన్నట్టు చెయ్యి చూపి, గ్లాసు ఎత్తి కొంచెం కొంచెంగా తాగింది. నీళ్ళు దిగుతుంటే ఆమె గొంతు వైపే రెప్పవేయకుండా చూస్తూ నిలబడింది కోడలు.